బెల్లము వండు సరంజామా: కొనవలసినవి, కట్టించుకొనవలసినవి, సరిదిద్దుకొనవలసినవి

చెరకు ఏడాది పంట. బెల్లము ఒక్క పూట వంట. ఏడాది పొడుగునా పడిన శ్రమకు ఫలితము ఆ పూటలోనే తేలిపోవును. అనకాపల్లి, చిత్తూరు ప్రాంతములలోని రైతులు తమ పొలము దగ్గరనే గానుగ ఆడి బెల్లము వండుకొనుట తరతరాలుగా వచ్చుచున్న అలవాటు. బెల్లము నల్లబడినను, దిగుబడి తగ్గినను చాలామంది చెరకు రకమును, నేలను, నీటిని తప్పుపట్టుదురు. గానుగను, పొయ్యిని, పెనమును పరీక్షించి చూచువారు తక్కువ. తోటలో లోపము లేకున్నను సరంజామాలోని లోపము వలన రైతు నష్టపోవుట కలదు.

ఈ సరంజామాలో ఏవి కొనవలెను, ఏవి ఊరిలో చేయించుకొనవచ్చును, లోపము కనబడినప్పుడు ఏమి చేయవలెను అను విషయములు ఈ వ్యాసములో తెలుపబడినవి.

ముందుగా ఒక లెక్క

మంచి స్థితిలోనున్న మూడు రోలర్ల గానుగ 100 కిలోల చెరకునుండి 60 మొదలు 65 కిలోల వరకు రసము తీయును. ఒక టన్ను చెరకు ఆడినచో సుమారు 620 కిలోల రసము, 380 కిలోల పచ్చి పిప్పి వచ్చునని అనుకొనుడు. ఆ రసమును కాచగా, చెరకు పక్వమును బట్టి, 100 మొదలు 110 కిలోల బెల్లము దిగును. అనగా 500 కిలోలకు పైగా నీటిని పొయ్యిమీద ఆవిరి చేయవలసియుండును.

గానుగ, పొయ్యి సరిగా పనిచేయుచున్నవో లేదో ఈ అంకెలను బట్టి తెలిసికొనవచ్చును. 620 కిలోలకు బదులు 550 కిలోల రసమే వచ్చినచో, 70 కిలోల రసము పిప్పిలో మిగిలిపోయినదన్నమాట. అందులో సుమారు 11, 12 కిలోల బెల్లము కలదు. ఎకరాకు 30 టన్నులు పండించిన రైతు ఈ విధముగా 330 కిలోలకు పైగా బెల్లమును పిప్పితో పాటు పొయ్యిలో వేయుచున్నాడు.

కొనవలసినవి

గానుగ: గానుగ రోలర్లు పోత ఇనుముతో చేయబడి, లేతు మీద సమముగా తరిణె పట్టబడి యుండవలెను. వాటిని నడుపు పళ్ళ చక్రములు ఒకదానితో ఒకటి సరిగా పొసగవలెను. ఇవి ఊరి కమ్మరి కొలిమిలో అగు పనులు కావు. కాబట్టి గానుగను కొనుటయే మేలు.

అయితే ప్రతి రైతు గానుగ కొనవలసిన అవసరము లేదు. గంటకు 300 కిలోల చెరకు ఆడు చిన్న గానుగ 30 టన్నులను 100 గంటలలో ముగించును. దినమునకు 10 గంటల చొప్పున అది 10 దినముల పని. ఒక్క ఎకరము చెరకు గల రైతు సొంతముగా గానుగ కొనినచో మిగిలిన దినములన్నియు అది షెడ్డులో తుప్పు పట్టుచుండును. అట్టివారు అద్దెకు తెచ్చుకొనుట గాని, నలుగురైదుగురు కలిసి కొనుట గాని లాభము. కలిసి కొనువారు ఎవరి వంతు ఎప్పుడు, మరమ్మతు ఖర్చు ఎవరిది అను సంగతులు ముందుగానే కాగితము మీద వ్రాసుకొనవలెను.

పాత గానుగ చవుకగా వచ్చినచో రంగు చూచి మోసపోరాదు. రోలర్ల మీది గాళ్ళు అరిగినవా, ఇరుసులు బుష్‌లలో వదులుగా కదులుచున్నవా, పోత భాగములలో బీటలు గాని, అతుకులు గాని కలవా అని చూడవలెను. ఒక మోపు చెరకు తూచి, ఆడి, రసము తూచిన తరువాతనే బేరము ముగింపవలెను.

కొలత పరికరములు: థర్మామీటరు, రసపు చిక్కదనము తెలుపు బ్రిక్స్ హైడ్రోమీటరు, పులుపు తెలుపు పి.హెచ్. కాగితము - ఇవి కొనవలసినవే. వాటి ఖర్చు ఒక్క పెనము బెల్లము చెడిపోయినప్పుడు కలుగు నష్టముకంటె తక్కువ.

కట్టించుకొనవలసినవి

పొయ్యి: పొయ్యి స్థలమును, పెనమును, గాలివాటమును బట్టి ఉండవలెను, కాబట్టి పొలము దగ్గర కట్టించుకొనుటయే తగును. మెరక నేలను, పూరిపాకలకు, పిప్పి వాములకు దూరముగా చోటు ఎంచుకొనవలెను. ఇటుకల మధ్య సిమెంటు వాడరాదు. తీవ్రమైన వేడికి సిమెంటు పొడిరాలి, పగుళ్ళు పుట్టును. జిగురు గల బంకమన్ను, ఇసుక కలిపి పెట్టుడు. మంట నేరుగా తగులు చోట నిప్పు ఇటుకలు పెట్టినచో ఎక్కువకాలము మన్నును. అడుగున ఇనుప చువ్వల జల్లెడ, దాని క్రింద బూడిద గుంట తప్పక ఉండవలెను. గాలి ఆ గుంట గుండానే మంటకు అందును.

వీలున్నచో రెండు పెనముల పొయ్యి కట్టించుడు. మొదటి పెనము దాటి పొగగొట్టమునకు పోవు వేడి గాలులు రెండవ పెనములోని పచ్చి రసమును వెచ్చజేయును. ఖర్చు కొంత పెరిగినను వంట చెరకు ఆదా అగును. పాకము దిగు వేళకు రెండవ వాయి సగము సిద్ధమై యుండును.

పెనము: దీనిని తయారైనది కొనవచ్చును, మంచి వెల్డింగు పనివానిచే చేయించుకొనవచ్చును. ముఖ్యమైనది రేకు. చెరకు రసము పులుపు గలది. జింకు పూత పూసిన రేకునుండి ఆ పూత రసములో కరగును. మామూలు ఇనుము తుప్పు పట్టి బెల్లపు రంగును చెడగొట్టును. ఆహార పదార్థములకు తగిన 304 రకము స్టెయిన్‌లెస్ స్టీలు శ్రేష్ఠము. అతుకులు లోపలివైపు నునుపుగా ఉండవలెను. గరుకుగా ఉన్నచో పాకము అక్కడ పట్టుకొని మాడును. రసము పొంగును కనుక పెనము లోతులో సగమునకు మించి పోయని విధముగా కొలత నిర్ణయింపవలెను. చేయించిన పెనమును నీటితో నింపి ఒక రాత్రి ఉంచి, ఉదయము అడుగు తడిగా ఉన్నదేమో చూచిన పిమ్మటనే పూర్తి డబ్బు ఇవ్వవలెను.

అచ్చులు, చెక్క గరిటెలు, చల్లార్చు తొట్లు, వడకట్టు గుడ్డలు ఇంటిపట్టున సమకూర్చుకొనవచ్చును. వాసన లేని, బాగుగా ఆరిన చెక్క వాడవలెను. పురుగు మందులు, నూనెలు వచ్చిన డబ్బాలను ఎంత కడిగినను రసమునకు వాడరాదు.

లోపములు - వాటి గుర్తులు, చికిత్స

గానుగ రసము తక్కువ తీయుట: 100 కిలోల చెరకు తూచి ఆడి, రసమును వడకట్టి తూచుడు. 60 కిలోలకు తగ్గినచో రోలర్ల మధ్య సందు చూడవలెను. చెరకు ప్రవేశించు వైపు సందు వెడల్పుగాను, పిప్పి వెలువడు వైపు సన్నగాను ఉండవలెను. పిప్పిని పిడికిట మెలిపెట్టినప్పుడు రసము కారినచో వెనుక సందు ఎక్కువైనదని తెలియును. రెండు ప్రక్కల మరలను సమముగా బిగింపవలెను. ఒక ప్రక్కనే బిగించినచో రోలరు ఒరిగి బుష్ అరిగిపోవును. మితిమీరి బిగించినచో మోటారు వేడెక్కును, బెల్టు జారును. అట్లయినచో మర కొద్దిగా వదులు చేయవలెను. సందు సరిచేసినను రసము పెరగనిచో రోలర్లు అరిగినవి. వాటికి లేతు మీద తిరిగి గాళ్ళు తీయించవలెను.

రసము నల్లగా, జిడ్డుగా దిగుట: ఇరుసుల నుండి గ్రీజు రసపు తొట్టిలోనికి కారుచున్నది. అరిగిన బుష్‌లు మార్చి, గ్రీజు పడకుండ రేకు అడ్డము పెట్టవలెను. ప్రతి దినము పని ముగియగానే రోలర్లను, తొట్టిని నీటితో కడుగవలెను. కడుగని గానుగలో మిగిలిన రసము పులిసి, మరునాటి రసమును కూడ చెడగొట్టును.

పొయ్యి మండకపోవుట: ఒక టన్ను చెరకునుండి వచ్చిన పిప్పి బాగుగా ఎండిన తరువాత సుమారు 200 కిలోలుండును. మంచి పొయ్యికి ఆ చెరకు బెల్లము వండుటకు ఈ పిప్పి చాలవలెను. ప్రతి వాయికి పుల్లలు కొనవలసి వచ్చుచున్నదనిన పొయ్యిలోనో, పిప్పి ఆరుదలలోనో లోపమున్నది. పొగగొట్టమునుండి నల్లని పొగ వచ్చినచో పిప్పి ఒక్కసారిగా ఎక్కువ వేయుచున్నారు, లేక గాలి చాలుట లేదు. పొగ పొయ్యి నోటివైపు తిరిగి వచ్చినచో బూడిద గుంట నిండినదేమో, గొట్టములో మసి పేరుకొన్నదేమో చూచి శుభ్రము చేయుడు. అప్పటికిని తగ్గనిచో పొయ్యి మండుచుండగా పొగ వచ్చు అగరువత్తిని ఇటుకల సందుల వెంట నడుపుడు. పొగ ఎక్కడ లోపలికి పీల్చబడునో అక్కడ పగులు కలదు. పొయ్యి చల్లారిన పిమ్మట దానిని మన్నుతో మెత్తవలెను.

పెనము కారుట: సీసము కలిసిన మాటు వేయించరాదు. సీసము బెల్లములో చేరినచో తినువారికి, ముఖ్యముగా పిల్లలకు, హాని. పెనము లోహమునకు తగిన వెల్డింగే చేయించవలెను.

థర్మామీటరు తప్పు చూపుట: దిమ్మ బెల్లమునకు పాకమును 116 మొదలు 118 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య దింపవలెను, పొడి బెల్లమునకు 120 మొదలు 122 డిగ్రీలు కావలెను. మూడు డిగ్రీల తప్పు బెల్లమును చెరచును. ముందు దింపినచో దిమ్మ మెత్తబడి, వానాకాలములో నీరు కారును. ఆలస్యమైనచో మాడు వాసన, నలుపు వచ్చును. కాబట్టి ప్రతి సీజనుకు ముందు థర్మామీటరును కళపెళ మరుగు నీటిలో ఉంచి చూడుడు. అనకాపల్లి వంటి పల్లపు ప్రాంతములలో 100 డిగ్రీలు చూపవలెను. ఎత్తు ప్రతి 300 మీటర్లకు సుమారు ఒక డిగ్రీ తగ్గును. కావున అరకు వంటి చోట 97 చూపినను అది తప్పు కాదు. పల్లపు ప్రాంతములో 97 చూపినచో పరికరము 3 డిగ్రీలు తక్కువ చెప్పుచున్నది. 118 కావలసినచోట 115 వద్దనే దింపవలెను. ఆ తేడాను ఒక చీటీపై వ్రాసి పరికరమునకు కట్టుడు. ప్రతిసారి ఒక్కొక్క విధముగా చూపుదానిని మాత్రము పారవేయవలెను.

పాదరసపు గాజు థర్మామీటరును పెనములో వాడవద్దు. అది పగిలినచో పాదరసము, గాజు పెంకులు పాకములో కలియును. ఆ వాయి అంతయు పారవేయవలసినదే. లోహపు కడ్డీ గలది వాడుడు.

హైడ్రోమీటరు తప్పు చూపుట: 10 గ్రాముల పంచదారను 90 గ్రాముల నీటిలో కరగించినచో ఆ ద్రవము 10 బ్రిక్సు అగును. ఇదే లెక్కన తగినంత ద్రవము చేసి, పరికరమును అందులో తేల్చి చూడుడు. దాని మీద 20 డిగ్రీలకు తయారైనట్లు వ్రాసియున్నచో, 30 డిగ్రీల వేడిగల రసములో అది సుమారు 0.7 తక్కువ చూపును. ఇది పరికరము లోపము కాదు. చూపిన అంకెకు 0.7 కలుపుకొనవలెను. గాజులో బీట గాని, లోపల చెమ్మ గాని, కాగితపు కొలబద్ద జారుట గాని కనబడినచో అది పనికిరాదు.

కొన్న యంత్రము చెడినదైనచో

కొనునప్పుడే రసీదు తీసికొనవలెను. రసీదులో యంత్రపు రకము, సంఖ్య, గంటకు ఆడు చెరకు, హామీ కాలము వ్రాయించవలెను. నోటి మాటగా ఇచ్చిన హామీని తరువాత నిరూపించుట కష్టము. లోపము కనబడగానే యంత్రమును ఆపి, మీరుగా విప్పక, ఫోటో తీసి, అమ్మినవారికి ఉత్తరము వ్రాసి నకలు దాచుకొనుడు. ఊరి మెకానిక్కుచే విప్పించిన పిమ్మట అమ్మినవారు బాధ్యత తమది కాదని చెప్పు అవకాశము కలదు.

వారు పట్టించుకొననిచో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. స్వయముగా పనిచేసి జీవనోపాధికై మాత్రమే వాడుకొనుటకు యంత్రము కొన్న రైతు కూడ ఈ చట్టము దృష్టిలో వినియోగదారుడే. కారణము ఏర్పడిన రెండు సంవత్సరముల లోపల, తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చును. సలహాకు 1915 నంబరుకు ఫోను చేయవచ్చును.

అన్నిటికంటె పెద్ద లోపము

చెరకు అందించు చోట అడ్డు లేని గానుగ చేతులను తీసికొనును. కొన్నది గాని, చేయించినది గాని, చేయి రోలర్లకు అందనంత పొడవుగల తొట్టి లేనిదే గానుగను నడుపరాదు. బెల్టుకు, పళ్ళ చక్రములకు కప్పు ఉండవలెను. ఇరుక్కున్న చెరకును యంత్రము నడుచుచుండగా చేతితో లాగరాదు. చెరకు అందించువారు వదులు పంచె, చీర కొంగు, మెడలో తువ్వాలు లేకుండ చూచుకొనవలెను. రాత్రి ఆడవలసి వచ్చినచో వెలుతురు చాలినంత ఉండవలెను. నిద్రమత్తులో ఉన్నవానిని గానుగ దగ్గర కూర్చుండబెట్టరాదు. స్విచ్చి చెరకు అందించువాని చేతికి అందునంత దగ్గరలో ఉండవలెను.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. గానుగ, కొలత పరికరములు కొనుడు, పొయ్యి కట్టించుడు, పెనము రేకు చూచి కొనుడు లేక చేయించుడు.

2. తక్కువ చెరకు గలవారికి అద్దె గానుగయో, ఉమ్మడి గానుగయో మేలు.

3. చెరకు నరుకుటకు నెల ముందే అన్నిటిని పరీక్షించుడు. నరికిన చెరకును 24 గంటలలో ఆడవలెను, ఆడిన రసమును ఆలస్యము చేయక పొయ్యి ఎక్కించవలెను. కాబట్టి కోత మధ్యలో గానుగ ఆగినచో చెరకు, రసము రెండును చెడును.

4. ఒక జత బుష్‌లు, ఒక బెల్టు ఎల్లప్పుడు ఇంట ఉంచుకొనుడు.

5. రోజుకొకసారి 100 కిలోల చెరకునకు వచ్చిన రసమును తూచి పుస్తకములో వ్రాయుడు. అంకె తగ్గుచున్నచో గానుగ ఆగిపోవుటకు ముందే దాని జబ్బు తెలిసిపోవును.