మౌంట్ బ్లాంక్ ప్రదక్షిణ: ఒక సైన్సు విద్యార్థి పరిశీలన

పర్వతారోహణం అనగానే మనకు ఎవరెస్టు శిఖరం, టెన్సింగ్, మంచులో పాతిన జెండా గుర్తుకు వస్తాయి. శిఖరం ఎక్కినవాడే వీరుడని మన నమ్మకం. కాని యూరప్ ఖండంలోని ఆల్ప్స్ పర్వతాలలో శిఖరం జోలికే పోకుండా, కొండ చుట్టూ తిరిగి బయలుదేరిన చోటికే వచ్చే ఒక సుదీర్ఘమైన కాలిబాట ఉంది. ప్రతి వేసవిలోను వేలాది మంది దాని మీద నడుస్తారు. సింహాచలంలో ఆషాఢ మాసంలో జరిగే గిరి ప్రదక్షిణ సుమారు 32 కిలోమీటర్లు. ఈ ప్రదక్షిణ సుమారు 170 కిలోమీటర్లు. మామూలు నడకకు 10 లేక 11 రోజులు పడుతుంది.

నేను ఆ కొండలను కళ్ళారా చూడలేదు. మాది కృష్ణా డెల్టాలో వరి పండించుకునే కుటుంబం. మా ఊళ్ళో అన్నిటికంటె ఎత్తయిన స్థలం కాలువ గట్టు! అయినప్పటికి పటాలు, పుస్తకాలు ముందు వేసుకుని ఈ దారిని పరిశీలిస్తే, మనం తరగతి గదిలో చదివే భౌతికశాస్త్రం అంతా అక్కడ నేల మీద పరిచినట్లు కనిపించింది. ఆ సంగతులే మిత్రులతో పంచుకుంటున్నాను.

దారి స్వరూపం

మౌంట్ బ్లాంక్ అంటే తెల్ల కొండ. ఎత్తు సుమారు 4,807 మీటర్లు. శిఖరం మీది మంచు మందాన్ని బట్టి ఈ కొలత ఏటేటా కొద్దిగా మారుతూ ఉంటుంది. ఈ పర్వతం చుట్టూ ఫ్రాన్సు, ఇటలీ, స్విట్జర్లాండు దేశాలు ఉన్నాయి. చాలామంది ఫ్రాన్సులో షమోని లోయలోని లెజూష్ అనే ఊరి నుండి బయలుదేరతారు. బొనోమ్ కనుమ (2,329 మీటర్లు) దాటి, సేన్య కనుమ (2,516 మీటర్లు) వద్ద ఇటలీలో అడుగు పెడతారు. కూర్మాయూర్ పట్టణం మీదుగా ఫెర్రే కనుమ (2,537 మీటర్లు) ఎక్కి స్విట్జర్లాండులోకి దిగుతారు. చివరకు బాల్మ్ కనుమ దాటి మళ్ళీ ఫ్రాన్సు చేరతారు. అక్కడ ఒకచోట నిట్టనిలువు రాతికి ఇనుప నిచ్చెనలు బిగించి ఉంటాయి. ఆనవాయితీగా అందరూ కొండను ఎడమ చేతి వైపు ఉంచుకుని నడుస్తారు. మన లెక్క ప్రకారం అది అప్రదక్షిణమే!

ఈ దారిని ఎవరో యాత్రికుల కోసం కొత్తగా వేయలేదు. చాలా భాగం పశువుల కాపరులు నడిచిన దారే. అక్కడి రైతులు జూన్ మాసంలో ఆవులను లోయల నుండి పైనున్న పచ్చిక బయళ్ళకు తోలుకుపోతారు. సెప్టెంబరులో చలి ముదరక ముందే దింపుతారు. ఈలోగా కింద లోయలో గడ్డి కోసి, ఎండబెట్టి, శీతకాలానికి దాచుకుంటారు. మనం వరిగడ్డి వామి వేసుకున్నట్లే. పైన పిండిన పాలతో జున్ను గడ్డలు చేసి నెలల తరబడి నిల్వ చేస్తారు. ఇటలీ వైపు ఫొంటీనా, ఫ్రాన్సు వైపు బోఫోర్ అనే జున్నులు ఆ విధంగా పుట్టినవే.

నడక లెక్క

దారి పొడవు 170 కిలోమీటర్లంటే మనవాళ్ళు భయపడరు. అసలు కష్టం పొడవులో లేదు, ఎత్తులో ఉంది. ఎక్కిన ఎత్తులన్నీ కలిపితే సుమారు 10,000 మీటర్లు. సముద్రమట్టం నుండి ఎవరెస్టు ఎత్తు కూడా అంత లేదు. పది రోజులకు పంచితే రోజుకు ఒక కిలోమీటరు నిలువుగా ఎక్కాలన్నమాట.

నెయిస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు 1892లో ఒక సులభ సూత్రం చెప్పాడు. 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట, దాని పైన ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరొక గంట కలుపుకోవాలి. ఆ ప్రకారం ఈ దారికి 34 గంటలు, 17 గంటలు వెరసి 51 గంటలు. అనగా విశ్రాంతి లెక్క వేయకుండానే రోజుకు 5 గంటలు. స్విట్జర్లాండులో దారి పలకల మీద దూరం రాయరు, పట్టే కాలం రాస్తారు. కొండల్లో అదే సరైన కొలత. 2003 నుండి ఈ దారి చుట్టూ ఏటా పరుగు పందెం జరుగుతోంది. 2022లో మొదటిసారి విజేత 20 గంటలలోపే చుట్టి వచ్చాడు. అది మనబోటి వాళ్ళ సంగతి కాదనుకోండి.

ఇక శక్తి విషయం. 60 కిలోల మనిషి 10 కిలోల సంచీతో 1,000 మీటర్లు ఎక్కితే పెరిగే స్థితిశక్తి 70 × 9.8 × 1,000 = 6,86,000 జౌళ్ళు, అనగా సుమారు 164 కిలోకాలరీలు. మన కండరాలు తిన్న ఆహారంలో 20 నుండి 25 శాతం మాత్రమే పనిగా మార్చగలవు. మిగతాది వేడిగా పోతుంది. కాబట్టి ఎక్కడానికే రోజుకు 650 నుండి 820 కిలోకాలరీలు కావాలి. మొత్తం ప్రదక్షిణలో ఎత్తు ఎక్కడానికి అయ్యే ఖర్చు సుమారు రెండు కిలోల బియ్యం!

దిగడంలోని చిక్కు

ఇక్కడ ఒక మంచి ప్రశ్న వస్తుంది. బయలుదేరిన చోటికే తిరిగి వస్తాం గదా! మూసిన మార్గంలో గురుత్వాకర్షణ చేసిన మొత్తం పని సున్నా అని మనం పరీక్షలో రాస్తాం. మరి ఎక్కినప్పుడు పెట్టిన శక్తి దిగేటప్పుడు తిరిగి రావాలి గదా? రాదు. శరీరం ఆ శక్తిని తిరిగి దాచుకోలేదు. పైగా దిగేటప్పుడు తొడ ముందు భాగంలోని కండరం బరువును ఆపుతూనే సాగవలసి వస్తుంది. అందువల్ల కండరపు సన్నని పోగులు దెబ్బతింటాయి. ఆ నొప్పి వెంటనే తెలియదు. మర్నాడో ఎల్లుండో మెట్టు దిగబోతే తెలుస్తుంది. ధాన్యం బస్తా భుజాన వేసుకున్నప్పుడు మా నాన్న ఎప్పుడూ అంటుంటారు: "గట్టు ఎక్కటం కాదురా, దిగేటప్పుడు చూసుకో." ఆయన భౌతికశాస్త్రం చదవలేదు గాని ఆల్ప్స్ నడిచేవాళ్ళకు చెప్పే మొదటి పాఠం కూడా అదే. చిన్న అడుగులు వేయాలి, మోకాలు కొద్దిగా వంచి ఉంచాలి, రెండు చేతికర్రల మీద కొంత భారం మోపాలి.

గాలి, చలి, ప్రమాదం

2,500 మీటర్ల ఎత్తులో వాయుపీడనం 760 మిల్లీమీటర్ల నుండి సుమారు 560 మిల్లీమీటర్లకు పడిపోతుంది. నీళ్ళు సుమారు 92 డిగ్రీలకే మరుగుతాయి. కందిపప్పు పెడితే ఎంతకీ ఉడకదు. ఉష్ణోగ్రత ప్రతి 1,000 మీటర్లకు సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. కూర్మాయూర్‌లో 24 డిగ్రీలుంటే ఫెర్రే కనుమ మీద 15 లేక 16 మాత్రమే ఉంటుంది. దానికి వాన, గాలి తోడైతే తడిసిన బట్టలు శరీరపు వేడిని లాగేస్తాయి. జూలై మాసంలో కూడా మనిషి చలికి ప్రాణం కోల్పోవచ్చు.

వేసవిలో మధ్యాహ్నం దాటాక ఉరుములు, పిడుగులు ఎక్కువ. అందుచేత తెల్లవారుజామునే బయలుదేరి మధ్యాహ్నానికి కనుమ దాటాలి. మబ్బు కమ్మితే వెనక్కి తిరగడమే వివేకం. రాత్రులు ఉండడానికి దారిలో మన సత్రాల వంటి బసలున్నాయి. బూట్లు గుమ్మం దగ్గరే విడవాలి, అందరూ ఒకే బల్ల దగ్గర భోజనం చేయాలి. ఆపద వస్తే నిమిషానికి ఆరుసార్లు ఈల గాని దీపం గాని చూపి, ఒక నిమిషం ఆగి, మళ్ళీ చూపాలి. చూసినవారు నిమిషానికి మూడుసార్లు జవాబిస్తారు. హెలికాప్టర్ వస్తే రెండు చేతులూ పైకి చాపి నిలబడాలి. సాయం కావాలని దాని అర్థం. ఒక చెయ్యి పైకి, ఒకటి కిందికి ఉంచితే అక్కర లేదని.

మంచు, నీరు, వరి

నన్ను అన్నిటికంటె ఎక్కువ ఆలోచింపజేసిన విషయం ఇది. సేన్య కనుమ మీద ఒక వాన చినుకు ఫ్రాన్సు వైపు పడితే ఇజేర్, రోన్ నదుల ద్వారా మధ్యధరా సముద్రం చేరుతుంది. ఇటలీ వైపు పడితే డోరా బాల్టియా, పో నదుల ద్వారా ఏడ్రియాటిక్ చేరుతుంది. ఆ డోరా బాల్టియా నీళ్ళు కాలువల గుండా వెళ్ళి వెర్చెల్లి ప్రాంతంలో ఏం పండిస్తాయో తెలుసా? వరి! యూరప్‌లో వరి అన్నిటికంటె ఎక్కువగా పండేది ఈ పో మైదానంలోనే.

మన కృష్ణకు మంచు లేదు, పశ్చిమ కనుమల వానలే ఆధారం. నీటిని నిలువ చేయడానికి మనం నాగార్జునసాగర్ కట్టుకున్నాం. వాళ్ళకు ఆ కొండ మీది మంచే సగం జలాశయం. శీతకాలంలో నిండి, పొలాలకు నీరు కావలసిన వేసవిలో కరుగుతుంది. ఇప్పుడు ఆ జలాశయం తరిగిపోతోంది. ఫ్రాన్సులోకెల్లా పెద్దదైన మేర్ ద గ్లాస్ హిమానీనదం ఈ ప్రదక్షిణ దారి నుండి కనిపిస్తుంది. 1988లో దాని ఒడ్డున తీగబండి దిగినవారు మూడు మెట్లు దిగితే మంచు మీద అడుగు పెట్టేవారు. ముప్ఫై ఏళ్ళు గడిచేసరికి 500కు పైగా మెట్లు దిగవలసి వచ్చింది. హిమానీనదం అంత లోతుకు కుంగిపోయింది. 2022లో శీతకాలపు మంచు చాలక, వానలు రాక పో నది ఎండింది. ఆ జూలైలో ఇటలీ ప్రభుత్వం ఉత్తర ప్రాంతాలలో అత్యవసర పరిస్థితి ప్రకటించింది. వరి మళ్ళు బీటలు వారాయి. మాది కాలువ శివారు భూమి. నీళ్ళు రావని తెలిసిన రోజు రైతు ఇంట్లో ఎలా ఉంటుందో నాకు ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు.

మనం చేయగలిగింది

జెనీవాకు చెందిన సొస్యూర్ 1760లో షమోని వచ్చి, ఈ శిఖరానికి దారి కనుక్కొన్నవారికి బహుమతి ఇస్తానని ప్రకటించాడు. అప్పటికి ఆయన వయస్సు 20 ఏళ్ళు, అనగా సరిగ్గా నా ఈడు. 1767లో కొండ చుట్టూ తిరిగి వచ్చాడు. 1786 ఆగస్టు 8న షమోని వాసులైన బల్మా, డాక్టర్ పక్కార్ మొదటిసారి శిఖరం చేరారు. మరుసటి ఏడు సొస్యూర్ తానే ఎక్కి, పైన నాలుగు గంటలకు పైగా కూర్చుని వాయుపీడనం, ఉష్ణోగ్రత, నీటి మరుగు స్థానం కొలిచాడు. జెండా కంటె కొలతలే ఆయనకు ముఖ్యం.

ఆల్ప్స్ వెళ్ళే స్తోమత మనలో చాలామందికి నేడు లేకపోవచ్చు. అరకు, పాడేరు కొండలు మనవే గదా! ప్రయోగశాల థర్మామీటరు, ఒక స్టవ్వు, ఒక గిన్నె తీసుకుపోతే చాలు. ప్రతి 300 మీటర్లకు మరుగు స్థానం సుమారు ఒక డిగ్రీ తగ్గుతుందో లేదో మనమే చూడవచ్చు. వృక్షశాస్త్రం మిత్రులు ఏ ఎత్తున ఏ చెట్టు ఆగిపోతుందో రాసుకోవచ్చు. అక్కడి గిరిజన రైతులను వాగులు ఏ నెలలో ఎండుతున్నాయో, వాళ్ళ చిన్నతనంలో ఏ నెలలో ఎండేవో అడగవచ్చు. రాబోయే సంక్రాంతి సెలవుల్లో వచ్చేవారు హాస్టల్‌లో నన్ను కలుసుకోండి. థర్మామీటరు ఇప్పించే బాధ్యత మాత్రం మా లెక్చరర్ గారిదే!