విశాఖ నుండి శంషాబాదునకు: గగనదూరము, ప్రయాణకాలము

నరసన్నపేట కూడలిలో తెల్లవారుజామున టీ గ్లాసు చేతబట్టి విశాఖ బస్సుకై నిలుచున్న ప్రయాణికునికి హైదరాబాదు దూరమెంత యన్న ప్రశ్న ఒక్కటిగనే తోచినను, దానికి ఉత్తరములు పెక్కు. భూగోళముపై రెండు స్థలములను కలుపు కనిష్ఠమార్గమును మహావృత్తచాపమందురు. విశాఖ విమానాశ్రయము నుండి, 2008 మార్చిలో ఆరంభమైన హైదరాబాదు వారి శంషాబాదు విమానాశ్రయమునకు ఆ చాపము రమారమి 510 కిలోమీటర్లు, అనగా, నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు గనుక, సుమారు 275 నాటికల్ మైళ్లు. రోడ్డుదూరము 600 కిలోమీటర్లు మించును.

టైంటేబులులోని గంటంబావుతో ఆ దూరమును భాగించి, విమానవేగము గంటకు 408 కిలోమీటర్లని తొందరపడి వ్రాయువారు కలరు. జెట్ విమానము అంత మందగామి కాదు! నిలిచిన తావున చక్రము కదలినది మొదలు గమ్యమున మరల నిలుచువరకు గల కాలము బ్లాక్ టైమ్; టైంటేబులు చూపునది అదే. రన్‌వే చేరుటకు, పైకెగయుటకు, దిగుటకు పట్టు నిమిషములన్నియు అందులోనివే.

నరసన్నపేట నుండి విశాఖకే 16వ నంబరు జాతీయ రహదారిపై సుమారు 130 కిలోమీటర్లు. విమానములోకంటె బస్సులో గడుపు సేపే అధికమనుట ఇక్కడివారికి క్రొత్త సంగతి గాదు. 2023 మే 3న శంకుస్థాపన జరిగిన విజయనగరము జిల్లా భోగాపురము విమానాశ్రయము నరసన్నపేటకు మరింత చేరువ; అచ్చటి నుండి శంషాబాదునకు చాపము మాత్రము కొంత దీర్ఘము.