నిద్రలో వచ్చిన పక్షవాతము

సూరతు నగరమునందలి పాండేసరలో అద్దకపు మిల్లులు పెక్కు కలవు. రాత్రిపాళీ ముగించి నిద్రించిన కార్మికుడు మేల్కొనునప్పటికి మూతి వంకరపోయి, చేయి పడిపోయి, మాట తడబడినచో అది పక్షవాతమని శంకింపవలెను.

మెదడు రక్తనాళమునకు అడ్డుపడిన గడ్డను కరిగించు మందును సాధారణముగా నాలుగున్నర గంటలలోపల ఈయవలెను. నిద్రలో వచ్చిన జబ్బునకు ఆరంభకాలము తెలియదు. అందుచే పూర్వము ఇట్టివారికి ఆ మందు ఇచ్చెడివారు కారు.

ఈ చిక్కును ఎం.ఆర్.ఐ. పరీక్ష కొంతవరకు తీర్చినది. ఈ యంత్రము అయస్కాంతశక్తిచేతను, రేడియో తరంగములచేతను మెదడును చిత్రించును. రక్తమందని భాగము ఒక విధమగు చిత్రమున కొలది నిమిషములలోనే కనబడును. మరియొక విధమగు చిత్రమున కొన్ని గంటలకుగాని స్పష్టపడదు. మొదటిదానిలో కనబడి రెండవదానిలో కనబడనిచో జబ్బు క్రొత్తదని వైద్యులు ఊహింతురు.

2018లో ప్రకటితమైన ఐరోపా పరిశోధనలో ఈ విధమున ఎన్నుకొనిన 503 మందిని పరీక్షించిరి. మందు పొందినవారిలో నూటికి 53 మందియు, పొందనివారిలో సుమారు 42 మందియు బాగుగా కోలుకొనిరి. మెదడులో రక్తస్రావమగు అపాయము కొంత కలదు గనుక నిర్ణయము వైద్యునిదే.

కావున కాలహరణము చేయక 108 నకు ఫోను చేయవలెను. రోగి కడపట ఎప్పుడు ఆరోగ్యముగా నుండెనో, అతని దేహమున పేస్‌మేకరుగాని లోహపు ముక్కగాని కలదేమో వైద్యునకు ముందుగా తెలుపవలెను.