తొలి పిస్తోలు: కొనుటకు ముందు తెలియవలసిన సంగతులు

బట్లహళ్ళి, చింతామణి, బాగేపల్లి ప్రాంతాల పల్లెలలో తుపాకి అనగానే గుర్తుకు వచ్చేది పొడవైన గొట్టం గల పంటకాపు తుపాకి. కన్నడంలో దానినే కోవి అంటారు. వేరుసెనగ, రాగి చేలమీదికి అడవిపందులు దిగకుండా రాత్రి కాపలా కాసే రైతుకు అది పనిముట్టు. ఆ పల్లెలను విడిచి బెంగళూరులో స్థిరపడిన కుటుంబాలలో ఇప్పుడు వేరొక ప్రశ్న వినవస్తున్నది. 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో మనూ భాకర్ పిస్తోలుతో రెండు కాంస్య పతకాలు గెలుచుట చూసి, తామూ నేర్చుకుంటామని అడిగే పిల్లలున్నారు. ఇంటి రక్షణకు ఒక రివాల్వరు ఉంటే ధైర్యమని తలచే పెద్దలూ ఉన్నారు. ఈ రెండు కోరికలకు చట్టం ఒకే సమాధానం చెప్పదు. కొనవలసిన వస్తువు కూడ ఒకటి కాదు.

చట్టం చూపే భేదం

1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో ఒక ముఖ్యమైన విభజన ఉన్నది. పంట రక్షణకై మందు కూరి పేల్చే తుపాకికి గాని, ఆత్మరక్షణకో క్రీడకో వాడే, ఇరవై అంగుళాలకు తక్కువ కాని నున్నని గొట్టం గల తుపాకికి గాని పౌరుడు దరఖాస్తు చేసినప్పుడు, అనర్హతలేవీ లేనట్లయితే లైసెన్సు ఇవ్వవలెనని ఆ సెక్షన్ చెబుతుంది. గుర్తింపు గల రైఫిల్ క్లబ్బు సభ్యుడు గురి అభ్యాసానికి అడిగే .22 బోరు రైఫిలుకు కూడ ఇదే వర్తిస్తుంది. పిస్తోలు, రివాల్వరు ఈ వరుసలో లేవు. వాటిని కోరుటకు తగిన కారణం ఉన్నదని లైసెన్సు అధికారికి నమ్మకం కలగాలి. తాతకు పంటకాపు తుపాకి లైసెన్సు వచ్చింది కదా అని మనవడు అదే ధీమాతో పిస్తోలుకు దరఖాస్తు చేస్తే నిరాశ చెందే అవకాశం ఎక్కువ.

అయితే పిస్తోళ్ళలోనే లైసెన్సు అవసరం లేనిది ఒకటి ఉన్నది. 2016 ఆయుధాల నియమావళి ప్రకారం, గొట్టం లోపలి కొలత 4.5 మిల్లీమీటర్లను, వెలువడే శక్తి 20 జౌల్‌లను మించితేనే గాలి ఆయుధానికి లైసెన్సు కావాలి. ఒలింపిక్ క్రీడలలో వాడే 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు బోరు సరిగ్గా 4.5 మిల్లీమీటర్లు. అర గ్రాము బరువు గల సీసపు పెల్లెట్‌ను అది సెకనుకు సుమారు 150 మీటర్ల వేగంతో పంపుతుంది. లెక్క కడితే వచ్చే శక్తి ఆరు జౌల్‌లకు లోపే. కొనేవారి గుర్తింపు పత్రం చూసి దుకాణదారు వివరాలు నమోదు చేసుకుంటాడు, అంతటితో సరిపోతుంది. మనూ భాకర్ ఆ పతకాలను గెలిచింది ఈ తరగతి పిస్తోలుతోనే. హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ 2018లో, 13 ఏళ్ళ వయసులో, జాతీయ పోటీల సీనియర్ విభాగంలో ప్రథమ స్థానం పొందింది కూడ దీనితోనే. ఆమె .22 బోరు పిస్తోలుతో 25 మీటర్ల పోటీలలో పేరు తెచ్చుకున్నది ఆ తరువాతి మాట. కనుక కొత్త షూటరుకు తొలి పిస్తోలు ఏది అన్న ప్రశ్నకు, వయసు ఏదైనను, సమాధానం ఎయిర్ పిస్తోలే.

చేతికి తగినది

కొనుటకు తొందరపడనవసరం లేదు. క్లబ్బులలో అభ్యాసానికి పిస్తోళ్ళు ఉంటాయి. మొదటి మూడు నాలుగు నెలలు వాటితో నేర్చుకుంటే తన చేతి కొలత ఏమిటో, ఏ కంటితో గురి చూడాలో, అసలు ఈ ఆటపై ఆసక్తి నిలుస్తుందో లేదో తెలుస్తుంది. పోటీలకు తగిన విదేశీ పిస్తోలు వెల కొత్త ద్విచక్రవాహనం వెలను మించుతుంది. నిలకడ తెలియకముందే అంత ధనం వెచ్చించి, ఆరు నెలలకు అల్మారాలో పెట్టేవారు తక్కువేమీ కాదు. ఇందుకు భిన్నంగా చవుకగా దొరికే స్ప్రింగు పిస్తోళ్ళున్నాయి. డబ్బాలను కొట్టి సరదా పడుటకు అవి చాలును గాని, లోపలి స్ప్రింగు విడివడిన ప్రతిసారి పిస్తోలు కుదుపునకు లోనవుతుంది. తప్పు చేతిదో ఆయుధానిదో నేర్చుకునేవారికి తెలియకుండా పోతుంది. అభ్యాసానికి కుదింపు గాలి సిలిండరుతో పనిచేసేదే మేలు.

పిస్తోలును చేతిలోనికి తీసుకున్నప్పుడు మొదట గమనించవలసినది పట్టు. చెక్క పట్టు చిన్న, మధ్యమ, పెద్ద కొలతలలోను, కుడి ఎడమ చేతులకు వేరువేరుగాను లభిస్తుంది. పట్టు కుదిరినదో లేదో తెలుసుకొనుటకు ఒక సులభ పరీక్ష ఉన్నది. పెల్లెట్ లేకుండా, గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకొని చేయి చాచాలి. తరువాత కళ్ళు తెరిచి చూస్తే ముందు సైటు వెనుక సైటు గాడి మధ్యలో నిలిచి కనబడాలి. ఎడమకో కుడికో తిరిగి ఉంటే ఆ పట్టు ఆ చేతిది కాదు. మణికట్టు వంచి సరిదిద్దుకోవచ్చునని కొందరనుకుంటారు. ఒక గుండుకు అది సాధ్యమే. అరవై గుండ్లకు సాధ్యం కాదు.

ఇంత పట్టింపు ఎందుకో లెక్కతో తెలుసుకోవచ్చు. రెండు సైట్ల నడుమ దూరం 35 సెంటీమీటర్లనుకుంటే, ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా పది మీటర్ల అవతల గుండు సుమారు 29 మిల్లీమీటర్లు తప్పుతుంది. లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు మాత్రమే. అంటే పదికి తగలవలసిన గుండు ఏడుకు జారిపోతుంది. అందుకే శిక్షకులు లక్ష్యాన్ని కాక ముందు సైటును చూడుమని చెబుతారు. నల్లని చుక్క మసకగా ఉండవచ్చు, సైటు మాత్రం స్పష్టంగా ఉండాలి. మొదటి వారంలో ఎవరికీ ఈ మాట నచ్చదు.

తరువాతిది బరువు. అంతర్జాతీయ నియమాల ప్రకారం ఎయిర్ పిస్తోలు 1,500 గ్రాములను మించరాదు. వాడుకలో ఉన్నవి చాలావరకు ఒక కిలోకు అటూ ఇటూగా ఉంటాయి. పోటీలో గంటా పదిహేను నిమిషాలలో అరవై గుండ్లు, ఒంటిచేతితోనే కాల్చాలి. సినిమాలలోవలె రెండు చేతులతో పట్టుకొనుటకు వీలులేదు. పన్నెండేళ్ళ పిల్లవాని భుజానికి కిలో బరువు చాచి నిలుపుట కష్టం. పిల్లలకై పొట్టి గొట్టం, చిన్న సిలిండరు గల తేలిక నమూనాలు దొరుకుతాయి. పెరిగే పిల్లవానికి చెప్పులు కొన్నట్లు, రేపటికి సరిపోవాలని పెద్ద పిస్తోలు కొనుట పొరపాటు.

ట్రిగ్గరు విషయంలో నియమం కనీస బరువును నిర్ణయించింది: 500 గ్రాములకు తక్కువ లాగుడుతో అది విడివడరాదు. మంచి ట్రిగ్గరులో మొదటి దశ తేలికగా సాగి ఒకచోట ఆగుతుంది. అక్కడినుండి మరికొంత ఒత్తిడితో, ముందుగా ఊహకు అందకుండా విడివడుతుంది. విద్యుత్ ట్రిగ్గరు గలవి, యంత్ర ట్రిగ్గరు గలవి రెండూ ఉన్నాయి. రెండింటితోను పతకాలు వచ్చాయి. కొత్తవారికి ఇందులో ఎంచవలసినది తక్కువ. బాగుచేసేవారు, విడిభాగాలు దగ్గరలో దొరికేది ఎంచుకొనుట తెలివైన పని. 2021లో టోక్యో ఒలింపిక్ అర్హత పోటీ మధ్యలో మనూ భాకర్ పిస్తోలు మొరాయించి, విలువైన సమయం హరించుకుపోయింది. ఆమె సాధించిన 575 పాయింట్లు తుది పోటీకి రెండు పాయింట్ల దూరంలో ఆగిపోయాయి. ప్రపంచస్థాయి ఆయుధానికే ఇటువంటిది జరుగగా, ఎవరో వాడి వదిలిన పాత పిస్తోలు కొనేవారు మరింత జాగ్రత్త వహించాలి. సిలిండరుపై ముద్రించిన తేదీని తప్పక చూడాలి. 200 బార్ల ఒత్తిడి గల గాలి అందులో ఉంటుంది. తయారీదారు చెప్పిన గడువు దాటిన సిలిండరును నింపరాదు. కొత్త సిలిండరుకు అయ్యే ఖర్చును పాత పిస్తోలు వెలకు కలిపి చూసుకుంటే చవుక ఎంతో తేలుతుంది.

రక్షణకై రివాల్వరు

నేర్చుకొనుటకు కాక రక్షణకై ఆయుధం కోరేవారు వేరొక దారిలో నడవాలి. బెంగళూరు నగరవాసులకు లైసెన్సు అధికారి పోలీస్ కమిషనరు. బట్లహళ్ళిలో నివసించేవారికి చిక్కబళ్ళాపురం జిల్లాధికారి. ఫారం ఎ-1 దరఖాస్తుతో పాటు వైద్య ధ్రువపత్రం, ఆయుధ శిక్షణ పత్రం, భద్రంగా దాచుకుంటామనే హామీ ఇవ్వాలి. పోలీసు విచారణ జరుగుతుంది. వయసు 21 నిండి ఉండాలి. ఆస్తి తగినంత లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించరాదని 14వ సెక్షన్ స్పష్టంగా చెప్పినది గనుక అద్దె ఇంటివారు సంకోచించనవసరం లేదు. నిరాకరిస్తే 18వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. 2019 సవరణ తరువాత లైసెన్సు కాలం ఐదేళ్ళు. ఒకరికి రెండు ఆయుధాలకు మించి ఉండరాదు.

సినిమాలలో కనిపించే 9 మిల్లీమీటర్ల పిస్తోలు, .38 రివాల్వరు సామాన్య పౌరులకు నిషిద్ధ బోర్లు. సాధారణంగా కొనదగినది .32 బోరు. కాన్పూరు ప్రభుత్వ కర్మాగారం 2014లో మహిళల కోసమని నిర్భీక్ అనే .32 రివాల్వరును విడుదల చేసింది. దాని బరువు సుమారు 500 గ్రాములు. చేతిసంచిలో పట్టుతుంది, మోయుట తేలిక. కాని అదే తూటాను పేల్చినప్పుడు బరువైన రివాల్వరు కంటె తేలికైనది చేతిని గట్టిగా తన్నుతుంది. అభ్యాసం లేని చేయి రెండవ గుండుకు గురి నిలుపలేదు. కొత్తవారికి తేలికైనదే మేలన్న దుకాణపు మాటను ఈ కారణం చేత కొంత సందేహించుట మంచిది.

ఇంకొక చిక్కు ఇంటిలోపల ఉన్నది. ఆయుధాన్ని ఖాళీ చేసి తాళం వేసి, తూటాలను వేరొక చోట ఉంచితే ఆపద వేళకు అది వెంటనే చేతికి రాదు. దిండు కింద నింపి ఉంచితే మొదట చేతికి అందేది ఇంటి పిల్లలకు. రెండు గదుల నగరపు ఇంటిలో ఈ చిక్కుకు చక్కని పరిష్కారం లేదు. ఇంట్లో ఎవరైనా తీవ్రమైన మనోవేదనలోనో, మద్యపు అలవాటులోనో ఉన్నప్పుడు ఆయుధాన్ని ఇంట ఉంచుకొనకుండుటయే క్షేమం. పెళ్ళిళ్ళలో, ఊరేగింపులలో సంబరానికి గాలిలోకి కాల్చి ఇతరుల ప్రాణాలకు అపాయం కలిగిస్తే రెండేళ్ళ వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చునని 2019 సవరణ చెబుతుంది.

పల్లెలో మిగిలిన తుపాకి

తొలి ఆయుధాన్ని ఎంచుకొనుటకు ముందే కొందరి ఇంట ఒకటి ఉండి ఉంటుంది. తాత పేరిట లైసెన్సు గల తుపాకి, ఆయన మరణం తరువాత, ఊరి ఇంటి అటకపై గుడ్డ చుట్టి మిగిలిపోతుంది. పిల్లలు నగరంలో ఉంటారు. దానిని ఎవరూ వాడరు గనుక తప్పేమీ లేదని తలుస్తారు. చట్టం అలా తలచదు. లైసెన్సు తాతదే గాని ఇంటిది కాదు. లైసెన్సు లేకుండా తుపాకి కలిగి ఉండుటకు 2019 సవరణ కనీస శిక్షను రెండేళ్ళుగా, గరిష్ఠ శిక్షను ఐదేళ్ళుగా నిర్ణయించింది.

చేయవలసినది కష్టమైనది కాదు. 21వ సెక్షన్ ప్రకారం అనవసర జాప్యం లేకుండా తుపాకిని సమీప పోలీస్ స్టేషనులో గాని, లైసెన్సు గల ఆయుధ వ్యాపారి వద్ద గాని జమ చేసి రసీదు పొందాలి. బట్లహళ్ళివారికి అది ఊరి స్టేషనులోనే జరిగే పని. ముందుగా స్టేషనుకు తెలియజేసి, వారు చెప్పిన విధంగా అప్పగించుట మేలు. చెప్పకుండా సంచిలో వేసుకొని బస్సెక్కరాదు. తుపాకిని కుటుంబంలో ఉంచుకోదలిస్తే వారసులలో ఒకరు, మిగిలినవారి సమ్మతితో, తన పేరిట లైసెన్సుకు దరఖాస్తు చేయవచ్చు. తాత జీవించి ఉన్నప్పుడు కూడ ఈ మార్పిడి సాధ్యమే: లైసెన్సుదారుకు 70 ఏళ్ళు నిండినా, ఆయుధం ఆయన వద్ద 25 ఏళ్ళుగా ఉన్నా, వారసునికి ఇచ్చే దరఖాస్తును 2016 నియమావళి అనుమతిస్తుంది. దరఖాస్తుదారు బెంగళూరులో నివసిస్తున్నట్లయితే తన నివాసానికి సంబంధించిన అధికారినే ఆశ్రయించాలి. పాత లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువపత్రం, స్టేషను రసీదు మూడింటి నకళ్ళు దగ్గర ఉంచుకుంటే రెండు జిల్లాల నడుమ తిరిగే శ్రమ తగ్గుతుంది.