రిపేరు లెక్క సరిచూడటం ఎలా?



మన ఇళ్లలో చదువుకున్నవాళ్లు తక్కువ. కరెంటు బిల్లు వచ్చినా, మెకానిక్ లెక్క రాసిచ్చినా ఆ కాగితం మన చేతికే ఇస్తారు. "చూడు బిడ్డా, సరిగ్గానే ఉందా?" అని అడుగుతారు. మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనొక్కడినే. అయినా ఒక రోజు ఆ ప్రశ్నకు తప్పు జవాబు చెప్పాను. ఈ పాఠం అక్కడ నేర్చుకున్నదే.

మాది అమీన్‌పూర్. ఆరిళ్లకు కలిపి ఒకటే బోరు. పోయిన ఎండాకాలం మోటారు ఆగిపోయింది. మెకానిక్ వచ్చి, "వైండింగు కాలింది. పద్నాలుగు వేల దాకా అవుతుంది" అన్నాడు. పక్క వీధిలో ఇంకొకాయన ఏడున్నర వేలకే చేస్తాడని ఎవరో చెప్పారు. అంతే, ఈయన మోసం చేస్తున్నాడని నలుగురిలో అనేశాను. ఆయన వయసులో మా నాన్నంతటివాడు. కోపపడకుండా, "కాగితం మీద రాసిస్తా, నువ్వే చూడు" అన్నాడు.

ఆయన రాసిన లెక్క:

మోటారు పైకి తీసి, మళ్లీ దించినందుకు – రూ. 3,500
రివైండింగు, తీగతో సహా – రూ. 6,000
బుష్‌లు, సీలు, కేబులు జాయింటు – రూ. 2,200
జి.ఎస్.టి. 18 శాతం – రూ. 2,106
మొత్తం – రూ. 13,806

ఒక్క అంకె చెబితే అది ఎక్కువో తక్కువో ఎవరూ చెప్పలేరు. ఇలా విడదీస్తే ఒక్కొక్కటీ సరిచూడవచ్చు.

1. లోపం రుజువైందా?

మోటారు తిరగకపోతే వైండింగే కాలాలని లేదు. స్టార్టరు డబ్బాలోని కెపాసిటరు పోయినా తిరగదు. అది చిన్న ఖర్చు. కాబట్టి "ఎలా తెలిసింది?" అని మర్యాదగా అడగాలి. ఆయన మెగ్గర్ పెట్టి చూపించాడు. వైండింగుకూ మోటారు బాడీకీ మధ్య రీడింగు సున్నా. అంటే ఇన్సులేషన్ పోయింది. ఈ పరీక్ష పనివాళ్లే చేయాలి, మనం వైర్లు ముట్టుకోవద్దు.

2. సామాను ధర

పేరు, కంపెనీ, సైజు రాయించుకుని రెండు షాపుల్లో అడగాలి. ప్యాకెట్టు మీది ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దానిపైన మళ్లీ పన్ను వేయకూడదు. తీసేసిన పాత సామాను మనదే. రివైండింగులో పాత రాగి తీగకు మంచి ధర పలుకుతుంది. ఆ మాట అడిగితే ఆయన తూకం వేయించి రూ. 900 తగ్గించాడు.

3. కూలి

ఇక్కడే మనం తొందరపడి మాట్లాడతాం. మోటారు తీయడానికి ముగ్గురు మనుషులు, చైన్ పుల్లీ, సగం రోజు పట్టింది. రూ. 3,500 అన్యాయం కాదు. మన హాస్టల్లో చదివి ఐ.టి.ఐ. చేసినవాళ్లు ఎందరో ఇదే పనిలో ఉన్నారు. వాళ్ల చెమటకు ధర కట్టేటప్పుడు మన ఇంటివాళ్ల కూలి గుర్తుంచుకోవాలి.

4. పన్ను

జి.ఎస్.టి. వసూలు చేయాలంటే రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరులో 15 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. తెలంగాణది 36తో మొదలవుతుంది. ఆయనకు నంబరు లేదు. సామాను కొన్నప్పుడు తాను పన్ను కట్టానని అలా వేశాడట. ఆ పన్ను సామాను ధరలోనే వచ్చిందని చెబితే ఒప్పుకుని రూ. 2,106 కొట్టేశాడు.

5. గ్యారంటీ

ఎన్ని నెలలు, దేనికి అన్నది బిల్లు మీదే ఉండాలి. ఆయన ఆరు నెలలని రాసిచ్చాడు.

చివరికి అయినది రూ. 10,800. ఇంటికి రూ. 1,800. మొదటి లెక్క ప్రకారమైతే రూ. 2,301 అయ్యేది. ఇంటికి ఐదు వందలు మిగిలింది.

మరి ఏడున్నర వేల మాట? వెళ్లి అడిగాను. అందులో మోటారు తీసి దించే ఖర్చు లేదు. అది కలిపితే రూ. 11,000, పైగా గ్యారంటీ లేదు. నేను మోసగాడన్న మనిషి లెక్కే తక్కువ! ఆయన దగ్గరికి వెళ్లి, ఆ నలుగురి ముందే క్షమించమని అడిగాను. కాబట్టి రెండు అంచనాలు పోల్చేటప్పుడు రెండింటిలోనూ అవే పనులు ఉన్నాయో లేదో ముందు చూడాలి.

చట్టం ఏమంటోంది?

వినియోగదారుల రక్షణ చట్టం 2019 (2020 జూలై 20 నుంచి అమలు) ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పవచ్చు. తేలకపోతే సంగారెడ్డిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌ ఉంది. చెల్లించిన సొమ్ము రూ. 5 లక్షల లోపయితే ఫిర్యాదుకు ఫీజు లేదు. బిల్లు లేకుండా డబ్బిస్తే మాత్రం తర్వాత రుజువు చేయడం కష్టం.

మీకొక పని

ఒక నోటు పుస్తకం పెట్టండి. మీ ఇంట్లో ఫ్యాను, కుళాయి, సైకిలు, ఏది బాగుచేయించినా తేదీ, లోపం, సామాను ధర, కూలి, గ్యారంటీ రాయండి. రెండేళ్లకు మీ ఊరి ధరల పట్టిక మీ దగ్గరే తయారవుతుంది. అప్పుడు "సరిగ్గానే ఉందా బిడ్డా?" అని అడిగితే పుస్తకం తెరిచి జవాబు చెప్పవచ్చు. నాలాగా ముందు మాట జారి తర్వాత లెక్క చూసుకోకండి.