ఇంటాయన సన్యాసం పుచ్చుకుంటే: ఇంట్లోవాళ్లు తరచూ అడిగే ప్రశ్నలు

మావారు కాషాయం కట్టి ఆశ్రమానికి వెళ్లిపోయారు. చట్టం ఆయన్ని సన్యాసిగా ఒప్పుకుంటుందా?

కాషాయం ఒక్కటే చాలదు. సంప్రదాయం ప్రకారం సన్యసించేవారు తమ శ్రాద్ధం తామే పెట్టుకుంటారు, బతికుండగానే తమ పేర పిండం వదులుతారు, విరజా హోమం చేస్తారు. సంప్రదాయాన్ని బట్టి విధులు మారతాయి. దీక్ష విధిగా జరిగిందా, సంసారంతో బంధం పూర్తిగా తెగిందా అన్నదే కోర్టులు చూస్తాయి. పంటకోతలకు వచ్చి కౌలు డబ్బు పట్టుకెళ్లే మనిషి అన్నీ వదిలేశాడంటే నమ్మడం కష్టం.

పెళ్లి దానంతటదే రద్దవుతుందా?

అవదు. చాలామంది పొరబడేది ఇక్కడే. హిందూ వివాహ చట్టం, 1955లోని 13వ సెక్షన్ ప్రకారం సన్యాసం విడాకులు అడగడానికి ఒక కారణం మాత్రమే. అడగాలా వద్దా అన్నది మీ ఇష్టం. డిక్రీ రాకుండా మళ్లీ పెళ్లి చేసుకుంటే మాత్రం అది చెల్లదు. ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకున్న పెళ్లికి ఈ కారణం వర్తించదు. అక్కడ రెండేళ్లుగా వదిలేశారని చూపాలి.

భరణం అడగొచ్చా?

తప్పకుండా అడగండి, మొహమాటపడకండి. మోక్షం కోరుకోవడం ఆయనిష్టం. పిల్లల ఫీజులు, ఇంటద్దె అన్నీ మీ నెత్తిన పడేయడం మాత్రం అన్యాయం. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ (పాత 125) స్తోమత ఉండీ పోషించనివారి గురించి చెబుతుంది. అందులో సన్యాసులకు మినహాయింపు రాసి లేదు. ఆయన పేర పొలం, పెన్షన్ ఉంటే పాస్‌పుస్తకం జిరాక్సులు అర్జీకి జతచేయండి. విడాకులు తీసుకుంటే హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద శాశ్వత భరణమూ కోరవచ్చు.

పిల్లల మీద హక్కు?

పూర్తిగా సన్యసించిన తండ్రి సహజ సంరక్షకుడు కాడని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షక చట్టం చెబుతోంది. ఆ బాధ్యత తల్లిది.

కొడుకు వెళ్లిపోయాడు. ముసలివాళ్లం, మా గతేంటి?

2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీఓ స్థాయి ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోండి. నెలకు 10,000 రూపాయల వరకు ఇప్పించవచ్చు.

వెళ్లేవాళ్లు ఇంట్లో అడిగి వెళ్లాలని నియమం ఉందా?

చట్టంలో లేదు, ధర్మంలో ఉంది. బుద్ధుడి కొడుకు రాహులుడికి చిన్నతనంలోనే దీక్ష ఇచ్చినప్పుడు తాత శుద్ధోదనుడు తల్లడిల్లాడు. తల్లిదండ్రుల అనుమతి లేనిదే ఇకపై ఎవరినీ చేర్చుకోవద్దని బుద్ధుడు నియమం పెట్టాడని వినయపిటకం చెబుతుంది. అప్పులున్నాయా అని కూడా బౌద్ధ సంఘం అడిగేది. క్యాథలిక్ మఠాల్లోనూ పెళ్లి బంధం నిలిచి ఉన్నవారిని నోవిషియేట్‌లో (తొలి శిక్షణ దశలో) చేర్చుకోరు. మనసు పిలుస్తోందని అనిపించినవాళ్లు ముందు భార్యాబిడ్డలతో, తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడాలి. అప్పులు తీర్చి, పొలమో ఇల్లో వాళ్ల పేర రిజిస్టర్ చేయించి, ఆ తర్వాతే గడప దాటాలి.