పలక, చిలక, మొలక – తమ్ముళ్లకు చదవడం నేర్పుదాం



మూడో తరగతిలో మన హాస్టళ్లలో చేరే పిల్లల్లో కొందరికి 'క కా కి కీ' మొత్తం పాటలాగా వస్తుంది. పుస్తకంలో 'మేడ' అనే మాట మీద వేలు పెట్టి అడిగితే మాత్రం తల దించుకుంటారు. వాళ్లను చూసి నవ్వే అర్హత మాకు లేదు. నాలుగో తరగతి దాకా మేమూ అట్లనే ఉన్నాము. మా ఇండ్లల్లో డిగ్రీ దాటింది మేమే మొదలు. ఇంట్లో చదివి చెప్పేవాళ్లు లేక, హాస్టల్‌లో ఒక సీనియర్ అన్న పాత పెండ్లిపత్రికలు చీటీలుగా కత్తిరించి నేర్పితేనే మాకు చదవడం వచ్చింది. ఆ పద్ధతినే ఇక్కడ రాస్తున్నాము.

కవిపండితుల వల్ల మన గద్వాలకు 'విద్వద్గద్వాల' అని పేరు వచ్చింది. కానీ 2011 జనాభా లెక్కల ప్రకారం జోగుళాంబ గద్వాల జిల్లాలో అక్షరాస్యత 50 శాతం కూడా లేదు. వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో అది 55 శాతం చుట్టుపక్కలే. పత్తి విత్తనాల చేలల్లో క్రాసింగ్ పని మొదలైతే బడి మానేది ఎవరు? ఎక్కువగా చదవడం రాని పిల్లలే. బడిలో కూర్చుంటే వాళ్లకు అవమానం, చేనుకు పోతే కూలి. కాబట్టి చదవడం నేర్పడం చిన్న పని కాదు.

పద్ధతి ఏమిటి?

ఒకే తోక ఉన్న మాటలను ఒక కుటుంబంగా చేర్చి నేర్పడమే. మేడ, గోడ, నీడ, దూడ, వాడ – వీటన్నిటి చివర 'డ' ఉన్నది. మారేది మొదటి అక్షరమే. ఈ ఐదు మాటల్లోనే ఏత్వం, ఓత్వం, గుడిదీర్ఘం, కొమ్ముదీర్ఘం, దీర్ఘం వచ్చేశాయి. గుణింతం బట్టీ పట్టకుండానే దాని పని పిల్లవానికి తెలుస్తుంది.

1. ముందు చెవికి పని చెప్పాలి. 'మేడ, గోడ, బండి, నీడ – ఇందులో కలవని మాట ఏది?' అని అడగాలి. ఇంగ్లండులో బ్రాడ్లీ, బ్రయంట్ అనే పరిశోధకులు సుమారు 400 మంది చిన్నపిల్లలను ఇట్లాంటి ప్రశ్నలే అడిగి, 1983లో ఫలితాలు ప్రకటించారు. ప్రాసను బాగా పట్టుకున్న పిల్లలు తరువాత చదువులో ముందున్నారని వారు గమనించారు.

2. తరువాత 'డ' చీటీ కదలకుండా పెట్టి, దాని ముందు 'మే', 'గో', 'నీ', 'దూ' చీటీలు మార్చాలి.

3. మూడక్షరాల మాటలకు పోవాలి: పలక, చిలక, గిలక, మొలక. మన దిక్కు పిల్లలు 'పల్క', 'శిల్క' అంటారు. తప్పని తిట్టవద్దు, అది ఇంటి భాష. ప–ల–క అని మూడు చప్పట్లు కొట్టిస్తే మూడు అక్షరాలు వాళ్లకే వినిపిస్తాయి.

4. చివరకు ఒత్తులు: అవ్వ, బువ్వ, గవ్వ, గువ్వ. అక్క, కుక్క, మొక్క, లెక్క. అవ్వను, బువ్వను తెలియని పిల్లలు ఉండరు కదా!

ఇంగ్లీషులో ఒకే తోకను ఒక్కోచోట ఒక్కోరకంగా పలుకుతారు. తెలుగులో ఆ తిప్పలు తక్కువ. రాసినట్టే చదువుతాము.

జాగ్రత్తలు

పిల్లలు చీటీ చూడకుండా వరుస గుర్తుపెట్టుకొని పాడేస్తారు. మేమూ అట్ల చేసి దొరికిపోయాము! అందుకే చీటీలు కలిపేయాలి. మధ్యలో 'లూడ' లాంటి అర్థం లేని మాట పెట్టాలి. దాన్ని కూడా చదివితే నిజంగా చదవడం వచ్చినట్టు. అక్కడే ఆగిపోకుండా 'గోడ నీడలో దూడ ఉంది' వంటి వాక్యాలకు తీసుకుపోవాలి. తండా పిల్లల ఇంటి భాష వేరు, కాబట్టి మాటకు అర్థం కూడా చూపించాలి.

2022లో మన రాష్ట్ర ప్రాథమిక పాఠశాలల్లో 'తొలిమెట్టు' మొదలైంది. బడిలో సార్లు, మేడమ్‌లు నేర్పేదానికి సాయంత్రం హాస్టల్‌లో మన అరగంట తోడైతే ఫలితం ఉంటుంది. పదో తరగతి వారు ఒక్కొక్కరు ఒక్కొక్క చిన్నవాడిని తీసుకోండి. ఖర్చు ఏమీ లేదు, నాలుగు పెండ్లిపత్రికలు, ఒక కత్తెర చాలు.

ఆనాడు ఆ అన్న మాకు మొదట చూపిన చీటీ 'పలక'. ఈనాడు పీజీ పుస్తకం తెరిచినా ఆ చీటీయే గుర్తుకొస్తుంది. వచ్చే వార్షికోత్సవం నాటికి మన హాస్టల్‌లో చదవడం రాని తమ్ముడు ఒక్కడు కూడా ఉండకూడదని కోరుకుంటున్నాము.